కిటికీ ముందు నిలబడ్డ మనిషి

మా బావ జీవితంలో ఒక్కసారే అంతర్జాతీయ మ్యాచ్‌లో మైదానంలోకి దిగాడు. అదీ పరాయి దేశం జట్టు తరఫున. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపుకుంటారు. నాది సెలూన్ పని. కుర్చీలో కూర్చున్నవాడు కత్తెర ఆడుతున్నంతసేపూ ఎక్కడికీ కదల్లేడు కాబట్టి, ఈ కథలో ముక్కలు మా పేటలో సగం తలలకి తెలుసు. మొత్తం మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఒక క్రాపు అయ్యేలోపు అయిపోయే కథ కాదిది.

బావ అంటే మా అక్క భర్త. అద్దాల కొట్టులో పని. బల్ల మీద గాజు పలక పరిచి, కొలబద్ద ఆనించి, వజ్రపు మొనతో ఒక గీత లాగి, రెండు చేతులతో పట్టుకుని చిన్నగా వంచితే పలక రెండుగా విడిపోయేది. చూసేవాడికి అదేదో కాగితం చించినంత తేలిక అనిపించేది. తేలిక కాదని బావ చేతులు చూస్తే తెలిసేది. అరచేతుల నిండా గాట్లే. "నీ చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు ఇంకా పుట్టలేదు బావా, ఏ గీత దేవుడు గీశాడో ఏది గాజు గీసిందో తేల్చుకోలేక చస్తాడు" అని నేను ఆటపట్టించేవాణ్ణి. బావ నవ్వేవాడు. ఆయన మాట తక్కువ. నా నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే మా ఇద్దరికీ పొసగింది.

బావ తండ్రి తొందరగా పోయాడు. అప్పటికి బావ తమ్ముడు ఇంకా పలక పట్టుకుని బడికి వెళ్ళే వయసు. బావ చదువు మానేసి అద్దాల కొట్టులో చేరాడు. ఆ తమ్ముణ్ణి నేను చిన్నబావ అంటాను, వాళ్ళమ్మ చిన్నోడు అనేది, బావ మాత్రం ఎప్పుడూ 'చిన్నా' అనేవాడు. తండ్రి లేని లోటు తెలియకుండా పెంచాడని అందరూ అంటుంటారే, అది ఊరికే మాటవరసకి అనే మాట. బావ విషయంలో అది నిజం. తను వేసుకున్న చొక్కా వెలిసిపోయినా తమ్ముడి కాళ్ళకి బూట్లు ఉండాల్సిందే. తమ్ముడి చేతికి మొదటి బ్యాట్ ఇచ్చిందీ, దాన్ని ఎలా పట్టుకోవాలో చూపించిందీ బావే.

వాళ్ళ ఆట అంతా ఇంటి ముందు సందులోనే. నీళ్ళ కుళాయి దగ్గర గోడకి బొగ్గుతో మూడు గీతలు గీస్తే అవే వికెట్లు. సందు ఇరుకే గానీ, కుళాయి దగ్గర నిలబడ్డవాడికి ఎడమవైపు కాస్త వెనగ్గా వెడల్పవుతుంది. ఆ వెడల్పు చివర కుట్టుపని చేసే పెద్దమ్మ ఇల్లు. వెలుతురు కోసం ఆవిడ మిషన్ని కిటికీకి ఆనించి వేసుకుని కుట్టేది. ఆవిడ మనసు మంచిదని అందరూ అనేవాళ్ళు. మనసు ఎవరు చూశారు, నోరైతే సందంతా వినేది.

చిన్నబావకి చిన్నప్పట్నుంచీ ఎత్తుగా లేచిన బంతిని ఎడమవైపుకి లాగి కొట్టడం పిచ్చి. లాగి కొడితే అది సరిగ్గా పెద్దమ్మ కిటికీకే. అద్దం పగిలేది. పెద్దమ్మ అరిచేది. బావ కొట్టులో మిగిలిపోయిన ముక్కల్లోంచి ఒకటి కోసి తెచ్చి, కిటికీ చట్రానికి లప్పం పెట్టి బిగించేవాడు. అలా కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు మాత్రం పగిలిన పెంకు ఎగిరి వచ్చి పెద్దమ్మ మణికట్టు కోసేసింది. ఆవిడ ఆ రోజు అరవలేదు. రక్తం చూసి నోరు పెగల్లేదు. కట్టు కట్టించి తీసుకొచ్చింది బావే.

ఆ తర్వాత చిన్నబావ అటువైపు కొట్టడం మానేశాడు. ఎత్తుగా లేచిన బంతి వస్తే బ్యాట్ దించేసి తల పక్కకి తిప్పుకునేవాడు. అది చూసి బావకి ప్రాణం ఉసూరుమంది. మర్నాటి నుంచి కొట్టునుంచి వచ్చీ రాగానే చొక్కా అయినా మార్చుకోకుండా ఆ కిటికీకి అడ్డంగా నిలబడటం మొదలుపెట్టాడు.

"చిన్నా, కొట్టరా! నేనున్నాగా!" అనేవాడు.

మొదట్లో చిన్నబావ భయపడ్డాడు. తర్వాత్తర్వాత బంతి లేస్తే చాలు, వెనక్కి చూడకుండా లాగేవాడు. బంతి గాల్లో వచ్చి బావ చేతుల్లో పడేది. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రం అదే ఆట. తమ్ముడి ముందు భుజం తిరిగే తీరు చూసి బంతి ఎటు వస్తుందో బావ కాళ్ళకి తెలిసిపోయేది. నేను ఉద్యోగం వెతుక్కుంటూ అక్కావాళ్ళింట్లో దిగిన కొత్తలో అది చూసి, "ఇదేం ఆట బావా, నువ్వు క్యాచ్ పడితే వాడు అవుట్ కదా" అన్నాను. "కిటికీ ముందు పడితే అవుట్ కాదు. అది మా రూలు" అన్నాడు.

మా రూలు. ఇద్దరు మనుషులు, ఒక సందు, ఒక కిటికీ. లోకంలో ఇంకెక్కడా చెల్లని రూలు.

చిన్నబావ క్లబ్బుకి ఆడాడు, ఊరికి ఆడాడు, ఆపైన ఇంకా పెద్ద జట్లకి ఆడాడు. కోచ్‌లు ఎందరో చెప్పారు, ఆ షాట్ నేలబారుగా కొట్టమని. వీడి చెయ్యి వినలేదు. పెద్ద మైదానాల్లో అటువైపు సాధారణంగా మనుషులుండరు కాబట్టి బంతి బౌండరీ తాడు దాటేది, పరుగులు వచ్చేవి, కోచ్‌లు నోరు మూసుకునేవాళ్ళు. బావ కూడా ఊళ్ళో లీగ్ ఆడేవాడు. బ్యాటింగ్ అంతంతమాత్రం. క్యాచ్‌లకి మాత్రం పెట్టింది పేరు. బంతి ఆయన చేతుల్లో పడితే గోడకి మేకు దిగినట్టే.

అలా ఉండగా ఒక విదేశీ జట్టు మన దేశం పర్యటనకి వచ్చింది. ఊరూరా ఆడుకుంటూ చివరి టెస్టుకి మా ఊరు చేరింది. సరిగ్గా ఆ మ్యాచ్‌కి మన జట్టులో ఒకడి వేలు విరిగింది, చిన్నబావకి పిలుపొచ్చింది. ఇంట్లో ఆ రోజు ఎవరం భూమ్మీద లేము. పైగా ఈ మ్యాచ్ అయిన వెంటనే మన జట్టు కూడా ఇంకో దేశం పర్యటనకి బయల్దేరాలి. చివరి రోజు సాయంత్రమే ఆ జట్టుని ప్రకటిస్తారన్నారు. అంటే ఈ ఒక్క మ్యాచ్‌లో నిలబడితే చిన్నబావ విమానం ఎక్కుతాడు. నిలబడకపోతే వేలు విరిగినవాడి వేలు అతుక్కుంటుంది, అంతే.

మొదటి ఇన్నింగ్స్‌లో చిన్నబావ వెళ్ళాడు, వచ్చాడు. ఖాతా తెరవలేదు. అత్తయ్య, అంటే బావ వాళ్ళమ్మ, ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇంతలో వచ్చిన జట్టులో జ్వరాలు పట్టుకున్నాయి. ఒకడి తర్వాత ఒకడు దుప్పటి కప్పుకున్నాడు. పరాయి దేశంలో మనుషులు తక్కువైతే ఆ దేశం వాళ్ళే ఫీల్డింగ్‌కి మనుషుల్ని అరువివ్వడం ఆటలో మర్యాద. ఇంటికొచ్చిన అతిథులకి కుర్చీలు చాలకపోతే మన కుర్చీలు వేయమా, అలాగన్నమాట. ఊళ్ళో మంచి ఫీల్డర్ ఎవడని అడిగితే అందరూ మా బావ పేరే చెప్పారు. చివరి రోజు పొద్దున కబురొచ్చింది.

బావ వెళ్ళనన్నాడు. "పరాయి జట్టులో చేరి తమ్ముడికి ఎదురుగా నిలబడనా?"

అత్తయ్యే పట్టుబట్టింది. "ఎదురేంట్రా? బంతి వేసేది వాళ్ళు, కొట్టేది వాడు. నువ్వు ఊరికే నిలబడు. నా కొడుకులిద్దర్నీ ఒకే గడ్డి మీద చూడాలనుంది. ఇలాంటి రోజు నాకు మళ్ళీ వస్తుందా?"

చిన్నబావ కూడా హోటల్నుంచి ఫోన్ చేసి నవ్వాడు. "రా అన్నా. నువ్వుంటే నాకూ ధైర్యం." ఈ మాట అన్నది చిన్నబావే. తర్వాత జరిగిన రాద్ధాంతంలో ఆయన దీన్ని మర్చిపోయాడు గానీ, నేను మర్చిపోలేదు.

అక్కా, అత్తయ్యా, నేనూ స్టాండ్‌లో కూర్చున్నాం. బావ ఆ విదేశీ జట్టు స్వెట్టర్ వేసుకుని దిగాడు. ఎవడో ఆజానుబాహుడిది కాబోలు, చేతులు వేళ్ళ దాకా దిగిపోయాయి. జనం గోల గోలగా నవ్వారు. "ఒరేయ్, ఎంతకి అమ్ముడుపోయావ్ రా!" అని ఎవడో అరిచాడు. అప్పుడది సరదాకే. బావ కూడా చెయ్యి ఊపాడు. అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. ఒక కొడుకు వికెట్ల దగ్గర, ఒక కొడుకు తాడు దగ్గర. కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది.

చిన్నబావ ఆ రోజు ఆడిన ఆట చూస్తే నా ఒళ్ళు ఇప్పటికీ పులకరిస్తుంది. తడబాటు లేదు, తొందర లేదు. మన వికెట్లు అవతలి వైపు రాలుతున్నా ఆయన మాత్రం పాతుకుపోయాడు. నలభై పరుగులు దాటాడు. ఇంకొక గంట నిలబడితే మ్యాచ్ మనది, విమానం ఆయనది. సెలెక్టర్లు ముందుకి వంగి కూర్చున్నారు.

వాళ్ళ కెప్టెన్ బావని ఎడమవైపు దూరంగా నిలబడమని చెయ్యి చూపించాడు. బావ వెళ్ళి నిలబడ్డాడు. ఫాస్ట్ బౌలర్ పరుగు మొదలుపెట్టాడు. అప్పుడు బావ కదిలాడు. ఎవరూ చెప్పలేదు. కెప్టెన్ అటు చూడనేలేదు. బావ తనంతట తాను పక్కకి నాలుగడుగులు నడిచి, కొంచెం వెనక్కి తగ్గి, మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. నా కళ్ళతో నేను చూశాను.

బంతి ఎత్తుగా లేచింది. చిన్నబావ వెనక్కి చూడకుండా లాగాడు.

బావ పరిగెత్తాల్సిన పని లేకపోయింది. బంతి నేరుగా గుండెల మీదకి వచ్చింది, రెండు చేతులూ ముందుకి వచ్చాయి, అయిపోయింది. ఊరంతా ఉన్న ఆ స్టేడియంలో సూది పడితే వినిపించేది. ఆ నిశ్శబ్దంలో బావ బంతి పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. వెనక తాడుంది, తాడు వెనక జనం ఉన్నారు. ఎందుకు చూశాడో ఎవరికీ అర్థం కాలేదు. చప్పట్లకోసం చూశాడనుకున్నారు జనం. అప్పుడు మొదలైంది గోల. సీసాలు వచ్చి పడ్డాయి. వాళ్ళ జట్టువాళ్ళు పరిగెత్తుకొచ్చి బావని పైకెత్తారు. ఎత్తినవాళ్ళ భుజాల మీద బావ మొహం చూశాను. నిద్రలోంచి లేపి వీధిలో నిలబెట్టిన మనిషిలా ఉన్నాడు.

చిన్నబావ క్రీజులోనే నిలబడిపోయాడు. అంపైర్ వేలెత్తాల్సిన పనే లేదు. అన్న వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, తర్వాత బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మ్యాచ్ పోయింది. సాయంత్రం జట్టు ప్రకటించారు. అందులో చిన్నబావ లేడు.

ఆ సాయంత్రమే కిట్టుబ్యాగ్‌తో ఇంటికొచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు. బావ గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ఎందుకు జరిగావ్?" అన్నాడు చిన్నబావ.

"తెలీదురా."

"నీకు తెలీకుండా నీ కాళ్ళు జరిగాయా?"

"నిజంగా తెలీదు చిన్నా."

"వాళ్ళకి ముందే చెప్పావు. నేను అటే కొడతానని, గాల్లో కొడతానని చెప్పావు. ఒక్కరోజు పెద్దవాళ్ళతో తిరిగేసరికి వాళ్ళ మెప్పు కావాల్సొచ్చింది నీకు."

చెప్పలేదని బావ ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నేను అక్కడే ఉన్నాను, నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన కళ్ళు అరచేతుల మీదే ఉన్నాయి. ఎందుకు జరిగాడో ఆయనకే తెలియనప్పుడు, ఏదీ గట్టిగా అనలేకపోయాడని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. అత్తయ్య మధ్యలో వచ్చి, "వాణ్ణి వెళ్ళమంది నేనురా, నన్ను తిట్టు" అని ఏడ్చింది. చిన్నబావ వాళ్ళమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, బ్యాగ్ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పత్రికలు ఊరుకుంటాయా? 'అన్నకి ముందే తెలుసు' అని పెద్దక్షరాలతో వేశాయి. బావ జరిగిన నాలుగడుగులూ టీవీలో తిప్పి తిప్పి చూపించారు. స్కోరుకార్డులో మాత్రం బావ పేరు లేదు. మారు ఫీల్డర్ పేరు రాయరట, 'క్యాచ్: సబ్' అని రాసి వదిలేస్తారట. తిట్టడానికి మాత్రం పేరుంది, రాయడానికి లేదు. ఆ వారం ఎవడో అద్దాల కొట్టు మీద రాయి విసిరి ముందు అద్దం పగలగొట్టాడు. కొట్టు యజమాని మంచివాడు. "పోనీలేవయ్యా, ఊళ్ళో అద్దాలు పగిల్తేనే మనకి బేరం" అన్నాడు. బావే కొత్త అద్దం కోసి బిగించాడు.

లీగ్ ఆడటం మానేశాడు. మళ్ళీ ఏ జట్టు పర్యటనకొచ్చినా ఆ రోజుల్లో ఇంట్లో టీవీ పెట్టేవాళ్ళు కాదు. ఆ విదేశీ జట్టు స్వెట్టర్ తిరిగి ఇవ్వబోతే గుర్తుగా ఉంచుకోమన్నారట. బావ దాన్ని ఒక్కరోజూ తొడుక్కోలేదు, పారెయ్యనూ లేదు. గాజు పలకలు మోసేటప్పుడు గీతలు పడకుండా చుట్టడానికి వాడేవాడు. ఒక దేశం గుర్తు కుట్టిన ఉన్ని, చివరికి గాజుపొడి పట్టిన మసిగుడ్డ అయ్యింది.

చిన్నబావని మళ్ళీ ఎవరూ పిలవలేదు. వేరే ఊళ్ళో ఒక బడిలో ఆటల మాస్టారుగా చేరాడు. అమ్మని చూడటానికి వచ్చేవాడు, బావ కొట్టుకి వెళ్ళే వేళ చూసుకుని. అత్తయ్య అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. ఒక కొడుకు ఎదురుగా ఇంకో కొడుకు పేరు ఎత్తకూడదు. ఇంట్లో జరిగింది ఇరుగుపొరుగుతో చెప్పుకోనూలేదు, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది. ఆవిడ పోయినప్పుడు కొడుకులిద్దరూ మంచానికి చెరోవైపు కూర్చున్నారు. మాటలు మా అక్క ద్వారా నడిచాయి. "మంచినీళ్ళు కావాలేమో అడుగు" అని ఈయన, "అక్కర్లేదని చెప్పు వదినా" అని ఆయన. నడుమ మంచం మీద తల్లి. నాకు ఇద్దర్నీ చెంపలు వాయించాలనిపించింది.

ఒకటి మాత్రం బావ మానలేదు. సందులో కొత్త పిల్లలు వచ్చారు, ఆటకి అదే కుళాయి, అవే బొగ్గు గీతలు. బావ కొట్టునుంచి రాగానే కిటికీ ముందు నిలబడేవాడు. "కొట్టండిరా, నేనున్నాగా" అనేవాడు. పిల్లలకి అదంతా ఏం తెలుసు, వాళ్ళకి ఆయన కిటికీ తాత.

ఏళ్ళు గడిచాయి. బావకి ఆయాసం పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఊపిరి అందేది కాదు. డాక్టరు మందులిచ్చి, మొహం పక్కకి తిప్పుకుని మాట్లాడాడు. ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం క్రాపుకి నా సెలూన్‌కి వచ్చాడు. నా సెలూన్లో గోడ పొడుగునా ఉన్న అద్దం బావ కోసి బిగించిందే. దాన్లోకి చూస్తూ కూర్చున్నాడు. నేను కత్తెర ఆడిస్తున్నాను.

"నిన్న పిల్లలు ఆడుతుంటే నేను కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నానురా," అన్నాడు. "బంతి లేచింది. బ్యాట్ పట్టుకున్న పిల్ల భుజం తిప్పింది. చూసుకుంటే నేను కిటికీ ముందున్నా. ఎప్పుడు లేచానో తెలీదు, ఎలా నడిచానో తెలీదు. మంచం దిగి గ్లాసుడు నీళ్ళు తెచ్చుకోలేను కదా, అలాంటోణ్ణి."

నేను ఏదో వేళాకోళం ఆడబోయి, అద్దంలో ఆయన కళ్ళు చూసి ఆగాను.

"ఆ రోజు గ్రౌండ్‌లోనూ అంతేరా. తమ్ముడి భుజం తిరగబోతోందని కాళ్ళకి తెలిసిపోయింది. నా వెనక కిటికీ ఉందనుకున్నా. పట్టుకున్నాక వెనక్కి తిరిగి చూసింది అందుకే. అద్దం బాగానే ఉందా అని."

పక్క కుర్చీలో గెడ్డం గీయించుకుంటున్నవాడు సబ్బు మొహంతోనే ఇటు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ నాకూ అనుమానమేరా," అన్నాడు బావ. "లోపల ఎక్కడో వాడంటే కుళ్ళు ఉందేమో, అందుకే జరిగానేమో అనుకునేవాణ్ణి. లేదురా. అది కాదు." నవ్వాడు. నవ్వుతుంటే ఆయాసం వచ్చింది.

"ఇప్పుడే చిన్నబావకి ఫోన్ చేస్తా," అన్నాను.

"వద్దు. ఇన్నేళ్ళకి చెప్తే సాకులా ఉంటుంది. నాకు తెలిసింది, చాలు."

ఆయనకి చాలేమో, నాకు చాల్లేదు. మర్నాడే బస్సెక్కి చిన్నబావ ఊరు వెళ్ళాను. బడి మైదానంలో మెడలో ఈలతో నిలబడి పిల్లల చేత పరుగులు తీయిస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. జరిగింది మొత్తం చెప్పాను.

"మీ బావ పంపాడా?"

"వద్దన్నాడు. నేనే వచ్చా."

"కిటికీ అంట!" అన్నాడు. "కారణం దొరకడానికి ఇన్నేళ్ళు పట్టిందా? బాగానే అల్లారు." ఈల ఊది ఎవర్నో గద్దించాడు. తర్వాత నా వైపు చూడకుండానే, "మనిషి ఎలా ఉన్నాడు?" అని అడిగాడు.

"ఊపిరాడట్లేదు. నువ్వు రావాలి."

"బడుల మధ్య టోర్నమెంటుంది. అయ్యాక వస్తా."

ఆ మాట చెప్తే మా అక్క మొహం వెలిగింది. "వస్తానన్నాడా? నిజంగా తన నోటితోనే అన్నాడా?" బావకి చెప్పాను. వద్దన్న పని చేశానని తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "టోర్నమెంటు వదిలేసి రాకూడదులే. మాస్టారు కదా" అన్నాడు. ఆ రోజునుంచి గుమ్మం వైపు తల పెట్టుకుని పడుకున్నాడు. బయట ఆటో ఆగితే తల ఎత్తేవాడు. ఎత్తి, మళ్ళీ దించేవాడు. ఆ ఆటోలన్నీ పక్కింటికి వచ్చినవే.

టోర్నమెంటు ఇంకా అవలేదు. బావ పోయాడు.

ఆఖరిసారి గెడ్డం నేనే గీశాను. ఎన్ని తలల దగ్గర నిలబడి ఎన్ని కబుర్లు చెప్పానో, ఆ రోజు మాత్రం నా నోట మాట రాలేదు. బతికున్నన్నాళ్ళూ నా వాగుడు ఓపిగ్గా విన్న మనిషి ఆయనొక్కడే.

చిన్నబావ వచ్చాడు. రావడం వచ్చాడు గానీ ఏడవలేదు. మా అక్క, "మరిదీ, నీకోసం ఎంత ఎదురుచూశాడో" అన్నా తలెత్తలేదు. చేయాల్సిన పనులన్నీ చేశాడు. అంతా అయిపోయి జనం వెళ్ళిపోయాక, మర్నాడు సాయంత్రం సందులోకి వచ్చి నిలబడ్డాడు. పిల్లలు ఆటకి రాలేదు. పెద్దవాళ్ళు వద్దని ఉంటారు. మెట్ల కింద వాళ్ళ బ్యాటూ, కార్క్ బంతీ ఉన్నాయి. చిన్నబావ బ్యాట్ తీసుకుని కుళాయి దగ్గర బొగ్గు గీతల ముందు నిలబడ్డాడు. ఎడమవైపు వెనక్కి తిరిగి కిటికీ వైపు చూశాడు. మళ్ళీ ముందుకి తిరిగాడు. మళ్ళీ చూశాడు.

"ఒక బంతి వెయ్యవా?" అన్నాడు నాతో. "గట్టిగా వెయ్. పైకి లేవాలి."

వద్దందామనుకున్నాను. ఆయన మొహం చూశాక అనలేకపోయాను. నాకు చేతనైనట్టు విసిరాను. బంతి ఒక రాయి మీద పడి ఎత్తుగా లేచింది. చిన్నబావ వెనక్కి చూడకుండా లాగాడు. అదే భుజం, అదే షాట్, వయసు మాత్రమే వేరు. బంతి గాల్లో వెళ్ళింది. బావ గుండెలు ఉండాల్సిన చోటు దాటుకుంటూ వెళ్ళి పెద్దమ్మ కిటికీ అద్దాన్ని భళ్ళున పగలగొట్టింది.

బ్యాట్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చూపు కిటికీ మీద లేదు. కిటికీ ముందున్న ఖాళీ జాగా మీద ఉంది.

పెద్దమ్మ బయటికొచ్చింది. పండు ముసలిదైపోయింది, చేత్తో గోడ పట్టుకుంటే గానీ నడవలేదు. పగిలిన అద్దాన్ని చూసింది, బ్యాట్ పట్టుకున్న చిన్నబావని చూసింది. సందంతా వినపడే నోరు ఆవిడది. ఒక్క మాట అనలేదు. మణికట్టు మీది పాత మచ్చని రెండో చేత్తో కప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నబావ వెళ్ళి కిటికీ కింద కూర్చుని పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. "చెయ్యి తెగుద్ది, చీపురు తెస్తా" అన్నాను. వినిపించుకోలేదు. ఏరిన ముక్కలు ఎడమ అరచేతిలో పేర్చుకుంటున్నాడు.

"నిజంగా కిటికీయేనా?" అన్నాడు.

"కిటికీయే."

వేలు తెగి రక్తం వస్తోంది, చూసుకోలేదు. తలెత్తి ఖాళీ చట్రం వైపు చూసి, చిన్నప్పుడు అద్దం పగలగొట్టి అన్న కోసం గుమ్మంలో నిలబడినప్పుడు ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు.

"ఇప్పుడు అద్దం ఎవరు వేస్తారు?"

అప్పుడు ఏడ్చాడు. నేను పక్కన కూర్చుని మిగిలిన ముక్కలు ఏరాను.